ముందు కొలువు, అక్కడే శిక్షణ

ఆటిజం అనగానే మన చర్చంతా పసిపిల్లల చుట్టూ తిరుగుతుంది. ఎప్పుడు గుర్తించాలి, ఏ థెరపీ ఇప్పించాలి, ఏ బడి చేర్చుకుంటుంది... ఇంతే. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ఉచిత విద్యకు 18 ఏళ్ల దగ్గర గీత గీసింది. ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం మండలాల్లో నడిచే భవిత కేంద్రాలూ బడి ఈడువారివే. ఆ గీత దాటిన యువకుల్లో చాలామంది ఇంటికే పరిమితమవుతారు. కాస్త అదృష్టం ఉన్నవారు ఏదో ఒక కేంద్రంలో కవర్లు అతుకుతూ, కొవ్వొత్తులు పోస్తూ ఏళ్ల తరబడి 'శిక్షణ'లోనే ఉండిపోతారు. ముందు అంతా నేర్పి తర్వాత పనికి పంపుదామన్న ఈ పద్ధతే తలకిందులుగా ఉందని నా అభిప్రాయం. ఆటిజం ఉన్నవారిలో చాలామందికి ఒకచోట నేర్చినది మరోచోట వాడటం కష్టం. కేంద్రంలోని బల్ల మీద వచ్చిన పని, గోడౌన్ చప్పుళ్లలో మళ్లీ మొదటినుంచి నేర్చుకోవాల్సిందే. అలాంటప్పుడు ఆ నేర్పేదేదో గోడౌన్‌లోనే నేర్పవచ్చు కదా.

అమెరికాలోని సిన్సినాటి పిల్లల ఆసుపత్రి 1996లో చేసింది ఇదే. అత్యవసర విభాగంలో సరంజామా ఎప్పటికప్పుడు అరల్లో నింపే మనుషులు నిలకడగా దొరకడం లేదు. ఆ విభాగాన్ని నడిపిన ఎరిన్ రీల్ ఎదుగుదల లోపాలున్న యువతకు ఆ పని నేర్పించి చూశారు. 'ప్రాజెక్ట్ సెర్చ్' అలా పుట్టింది. చదువులో చివరి ఏడాది ఆసుపత్రిలోనే గడుస్తుంది. పక్కన ఒక శిక్షకుడు ఉండి, పని పట్టుబడుతున్న కొద్దీ తప్పుకుంటాడు. వర్జీనియా పరిశోధకులు దీన్ని ఆటిజం ఉన్న 18-21 ఏళ్ల వారికి అనువుగా మలచి, ఫలితాలను 2014లో ప్రచురించారు. ఇలా నేర్చుకున్న 24 మందిలో 21 మందికి ఉద్యోగాలొచ్చాయి. మామూలు ప్రత్యేక విద్యతో సరిపెట్టుకున్న 16 మందిలో వచ్చింది ఒక్కరికి. నలభై మందితో చేసిన పరిశీలన చిన్నదే, ఒప్పుకుంటాను. కానీ ఇంత తేడాను కాకతాళీయమని కొట్టిపారేయలేం.

రిజర్వేషన్లు ఉన్నాయిగా అంటారు. ప్రభుత్వోద్యోగాల్లో దివ్యాంగులకు కేటాయించిన 4 శాతంలో చివరి ఒక్క శాతాన్నే ఆటిజం, మేధో వైకల్యం, అభ్యసన లోపం, మానసిక అనారోగ్యం, బహుళ వైకల్యాలు పంచుకోవాలి. పైగా దానికీ పోటీ పరీక్షే దారి. ప్రైవేటులోనైతే ఇంటర్వ్యూ ఉంది: ఎదుటివారి కళ్లలోకి చూడలేనివాడు పని చూపించేలోపే బయటికొచ్చేస్తాడు. ఖర్చు మాటకొస్తే, శిక్షకుడి అవసరం చాలామందికి క్రమంగా తగ్గుతుంది. ఆంధ్రప్రదేశ్‌లో నెలకు 6,000, తెలంగాణలో 4,016 రూపాయల దివ్యాంగ పింఛను మాత్రం బతికినంత కాలం ఇవ్వాలి. (ఉద్యోగమొచ్చిందని దాన్ని వెంటనే కోసేస్తే ఏ తల్లిదండ్రులూ బిడ్డను పనికి పంపే సాహసం చేయరు.) అందరూ ఉద్యోగం చేయలేరన్నది నిజం. కొందరికి జీవితాంతం సంరక్షణ కావాలి. అయితే ఎవరు చేయలేరో తేల్చాల్సింది పనిలో పెట్టి చూశాకే. వైకల్యాన్ని ధ్రువీకరించే సదరం సర్టిఫికెట్‌లోని శాతం చూసి కాదు.

సికింద్రాబాద్‌లో మేధో వైకల్యాల జాతీయ సంస్థ ఉంది, ప్రత్యేక ఉపాధ్యాయులను తయారుచేస్తోంది. ప్రతి జిల్లాలో పెద్దాసుపత్రి ఉంది, అక్కడ మందుల స్టోరూ, లాండ్రీ, రికార్డుల గదీ ఉన్నాయి. రెండు రాష్ట్ర ప్రభుత్వాలూ వచ్చే విద్యా సంవత్సరంలో కనీసం ఒక్కో జిల్లా ఆసుపత్రిలోనైనా ఈ చివరి ఏడాదిని మొదలుపెట్టాలి.