అదనుకు అందితేనే ఆసరా

తొలకరి పడిన మరునాడు రైతు చేతిలో ఉన్న వంద రూపాయలు, పైరు పొట్టకు వచ్చాక అందే రెండు వందల కన్నా విలువైనవి. సేద్యం చేసేవారికి ఈ మాట ఎవరూ చెప్పనక్కరలేదు. చెప్పవలసింది నగదు సాయం పంచే ప్రభుత్వాలకు. ఎకరాకు ఎంత ఇస్తున్నదీ ఘనంగా ప్రకటించుకునే పాలకులు, ఏ తేదీన ఇస్తున్నారో, ఎవరి చేతికి ఇస్తున్నారో మాత్రం అంత గట్టిగా చెప్పడం లేదు. ఆ సాయం రైతు కుటుంబాన్ని నిలబెడుతుందా లేదా అన్నది తేల్చేవి ఈ రెండు సంగతులే.

నగదు సాయం మన కరీంనగర్ జిల్లాకు కొత్త కాదు. రైతుబంధు పథకం 2018 మే 10న హుజూరాబాద్ మండలం శాలపల్లి-ఇందిరానగర్‌లోనే మొదలైంది. నాడు ఎకరాకు పంటకాలానికి 4,000 రూపాయల చొప్పున ఊరూరా చెక్కులు పంచారు. 2019 వానాకాలం నుంచి అది 5,000 అయింది. 2025 జనవరి 26న రైతు భరోసాగా పేరు మారి 6,000కు, అంటే ఏడాదికి 12,000కు పెరిగింది. ఇది గాక, కేంద్ర ప్రభుత్వం 2019 ఫిబ్రవరిలో ప్రారంభించిన పీఎం కిసాన్ కింద భూమి ఉన్న రైతు కుటుంబానికి ఏడాదికి 6,000 రూపాయలు మూడు విడతలుగా జమ అవుతున్నాయి.

ఈ డబ్బు ఇంట్లో ఏం చేస్తుందో చూద్దాం. మూడెకరాల వరి రైతుకు ఒక పంటకు 18,000 రూపాయలు వస్తాయి. 2025 వానాకాలంలో డీఏపీ బస్తా 1,350 రూపాయలు, యూరియా బస్తా 266 రూపాయల 50 పైసలు. ఎకరాకు ఒక బస్తా డీఏపీ, రెండు బస్తాల యూరియా వేసినా మూడెకరాలకు 5,649 రూపాయలు అవుతాయి. మిగిలిన దాంట్లోనే విత్తనం కొనాలి, ట్రాక్టరుతో దమ్ము చేయించాలి, నాటు కూలి ఇవ్వాలి. ఆ తరువాత కలుపు, మందులు, కోత మిషను కిరాయి ఉండనే ఉన్నాయి. పంట పెట్టుబడి అంతా ఈ సాయంతో వెళ్లదు. అయితే సీజను ఉద్దెరతో మొదలు కాకుండా ఇది ఆపగలదు. అసలు మేలు అదే.

ఎందుకంటే ఉద్దెర అంటే వడ్డీ ఒక్కటే కాదు. ఎరువుల దుకాణంలోనో, అడ్తి వ్యాపారి దగ్గరో 18,000 తెచ్చిన రైతుకు నూటికి నెలకు మూడు రూపాయల లెక్కన ఆరు నెలలకు 3,240 రూపాయల వడ్డీ పడుతుంది. పైగా పండిన ధాన్యం ఆ వ్యాపారికే పోయాలన్న కట్టుబాటు ఉంటుంది. మూడెకరాల్లో 60 క్వింటాళ్లు పండి, మద్దతు ధర కన్నా క్వింటాలుకు వంద రూపాయలు తగ్గించి తూచినా 6,000 నష్టం. రెండూ కలిపితే 9,240 రూపాయలు. అంటే సర్కారు ఇచ్చే సాయంలో సగానికి పైగా ఆలస్యం ఖాతాలోనే పోయింది. అదే డబ్బు మే నెలాఖరుకు చేతికి వచ్చి ఉంటే, ధాన్యాన్ని ఐకేపీ కేంద్రానికి తీసుకుపోవాలో ఎవరికి అమ్మాలో తేల్చుకునే స్వేచ్ఛ ఆ రైతుకు మిగిలేది.

గడచిన కొన్నేళ్ల అనుభవం ఏం చెబుతోంది? 2018లో తొలి చెక్కులు వానలకు ముందే అందాయి. 2023 యాసంగి సాయం శాసనసభ ఎన్నికల మధ్య చిక్కుకుంది. ముందు ఇచ్చిన అనుమతిని ఎన్నికల సంఘం నవంబరు 27న ఉపసంహరించింది. కొత్త ప్రభుత్వం వచ్చాక ఆ డబ్బు 2024లో నెలల తరబడి విడతలుగా చేరింది. 2024 వానాకాలంలో రుణమాఫీ జరిగింది గానీ పెట్టుబడి సాయం అందలేదు. 2025 యాసంగి సాయం జనవరి 26న మొదలయ్యే నాటికి ఎన్నో మడుల్లో నాట్లు పడనే పడ్డాయి. 2025 జూన్‌లో మాత్రం తొమ్మిది రోజుల్లోనే పంపిణీ పూర్తి చేశారు. సంకల్పం ఉంటే వేళకు ఇవ్వవచ్చునని దీంతో రుజువైంది. కనుక ఆలస్యానికి యంత్రాంగం చాలదన్న సాకు ఇకపై చెల్లదు.

ఈ డబ్బు సేద్యానికి కాక పెళ్లిళ్లకు, ఇంటి ఖర్చులకు పోతోందని పట్నాల్లో కొందరు పెదవి విరుస్తుంటారు. రైతు ఇంట్లో సేద్యానికో సంచి, వంటకో సంచి వేరుగా ఉండవని వారు గ్రహించాలి. జూన్‌లోనే బడులు తెరుస్తారు, జూన్‌లోనే విత్తనాలు కొనాలి. పిల్ల ఫీజు కట్టేందుకు మేకను అమ్ముకోకుండా ఈ డబ్బు ఆదుకుంటే అదీ జీవనోపాధిని కాపాడినట్లే. ఇక్కడ అడగవలసిన ప్రశ్న వేరే ఉంది. పాసుపుస్తకం మగవారి పేరిట ఉన్న ఇళ్లలో, నాట్లు వేసి కలుపు తీసే ఇల్లాలికి డబ్బు పడిన సంగతి తెలుస్తోందా? ఖర్చులో ఆమె మాట చెల్లుతోందా? ఇది ప్రతి ఇంటా ఆలోచించుకోదగిన విషయం.

అన్నిటికన్నా పెద్ద లోపం కౌలు రైతు విషయంలో ఉంది. సాయం నాగలి వెంట పోవడం లేదు, పాసుపుస్తకం వెంట పోతోంది. పదెకరాలు కౌలుకిచ్చి పట్నంలో ఉండే ఆసామికి ఏడాదికి 1,20,000 రూపాయలు. ఆ భూమి దున్నే మనిషికి సున్నా, పైగా కౌలు చెల్లింపు. అర ఎకరం సొంతంగా ఉండి నాలుగెకరాలు కౌలుకు చేసేవాని సంగతి మరీ విచిత్రం. అర ఎకరానికి పంటకు 3,000 వస్తాయి, నాలుగెకరాలకు ఏమీ రాదు. భూమి ఉందన్న కారణంతో, భూమి లేని కూలీల కోసం 2025లో పెట్టిన ఇందిరమ్మ ఆత్మీయ భరోసాకూ అతడు అనర్హుడే. 2023 ఎన్నికల్లో కాంగ్రెసు పార్టీ కౌలు రైతులకూ సాయం ఇస్తామన్నది. 2025 జనవరి మార్గదర్శకాలు తిరిగి పట్టాదారు దగ్గరే ఆగాయి.

నష్టం సాయం దగ్గరే ఆగదు. కౌలుదారుకు బ్యాంకులో పంట రుణం దొరకడం గగనం. కొనుగోలు కేంద్రంలో పట్టాదారు పాసుపుస్తకం అడుగుతారు. పట్టాదారు మరణిస్తే రైతు బీమా కింద కుటుంబానికి ఐదు లక్షలు వస్తాయి. కౌలు రైతు అప్పుల పాలై ప్రాణం తీసుకుంటే, అతని భార్యాబిడ్డలకు ఆ బీమా లేదు. అప్పు మాత్రం మిగులుతుంది.

ఉమ్మడి రాష్ట్రంలో 2011లో అధీకృత సాగుదారుల చట్టం వచ్చింది. ఏడాది గడువుతో రుణ అర్హత కార్డులు ఇచ్చారు. కార్డుతో భూమిపై హక్కు రాదని చట్టమే చెప్పినా, భూస్వాముల భయం పోలేదు. తెలంగాణలో ఆ కార్డులు క్రమంగా మూలబడ్డాయి. పొరుగున ఆంధ్రప్రదేశ్‌లో 2019 చట్టం కౌలు పత్రానికి యజమాని సంతకం కావాలన్నది. సంతకం పెట్టేవారు లేక అనేకులకు కార్డులు దక్కలేదు. యజమాని భయం తీరనిదే కౌలుదారు పేరు కాగితం మీదికి రాదన్నది ఈ రెండు అనుభవాల సారం.

నగదుతోనే అన్నీ తీరుతాయనుకోవడమూ పొరపాటే. 2025లో జూన్‌లోనే డబ్బు అందింది. కానీ ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో యూరియా బస్తా కోసం సహకార సంఘాల ముందు రైతులు తెల్లవారుజాము నుంచే బారులు తీరవలసి వచ్చింది. సరుకు లేనప్పుడు చేతిలో నోటు ఉండి ఏం లాభం? సాయం ఇచ్చామని చెప్పి ఎరువు, నీరు, మద్దతు ధర బాధ్యతల నుంచి ప్రభుత్వం తప్పుకోరాదు.

చేయవలసిన పనులు అసాధ్యమైనవి కావు. వానాకాలం సాయం మే 31లోగా, యాసంగి సాయం నవంబరు 15లోగా ఖాతాల్లో పడాలని తేదీలు ఖరారు చేయాలి. ఎన్నికలు వచ్చినా పోయినా ఆ తేదీలు మారరాదు. వ్యవసాయ విస్తరణ అధికారులు ప్రతి సీజనులో సర్వే నంబరు వారీగా పంటలు నమోదు చేస్తున్నారు. అదే పుస్తకంలో సాగు చేసేవారి పేరు కూడా రాసి, గ్రామసభలో చదివి వినిపించాలి. ఆ నమోదు ఒక్క పంటకే వర్తిస్తుందని, దానితో భూమి హక్కు రాదని స్పష్టంగా ప్రకటించాలి. ఆ జాబితాలో ఉన్నవారికి పెట్టుబడి సాయంలో వాటా, రైతు బీమా రెండూ వర్తింపజేయాలి. పట్టాదారుకు ఇచ్చేది మొత్తం తీసివేయమని ఎవరూ అనడం లేదు. దున్నేవానికి ఏమీ లేకపోవడమే అన్యాయం.

గ్రామస్థులు చేసుకోవలసిన పనులూ ఉన్నాయి. పెద్దవారు గతించి ఏళ్లయినా పౌతి చేయించుకోక, పట్టా చనిపోయినవారి పేరిటే ఉండి సాయం కోల్పోతున్న కుటుంబాలున్నాయి. ఆధార్‌లో పేరు ఒకలా, బ్యాంకులో మరోలా ఉండి డబ్బు ఆగిపోయినవారూ ఉన్నారు. వీరంతా వేసవిలోనే రైతు వేదిక దగ్గర వివరాలు సరిచేయించుకోవాలి. భూమి కౌలుకిచ్చేవారు, సాయం తమ ఖాతాలో పడుతున్నది గనుక ఆ మేరకైనా కౌలు తగ్గించడం ధర్మం. కొన్ని ఊళ్లలో పెద్దమనుషులు కూర్చుని ఈ మాట ఒప్పించగలిగినా, చట్టం వచ్చేలోగా కొన్ని కుటుంబాలు ఊపిరి పీల్చుకుంటాయి.

రైతుకు ఇచ్చేది దానం కాదు, పంటకు పెట్టే పెట్టుబడి. పెట్టుబడికి అదను ముఖ్యం, అది పెట్టే చేయి ముఖ్యం. వచ్చే సీజనుకు ముందే ప్రభుత్వం ఈ రెండు విషయాలపై తన నిర్ణయం ప్రకటించాలి.