ఇరుసుకు ఉక్కు వేసినంతనే

విజయనగరమునుండి కొరాపుట్టునకు బోవు రహదారిపై, తూర్పుకనుమల పాదమున, లారీల పట్టణముగా పేరొందిన సాలూరునందు, ఘాట్ రోడ్డు నెక్కి దిగు బండ్ల యిరుసులను నిత్యము విప్పి బిగించు మెకానిక్కుల పనిని కొంతసేపు గమనించినచో, రిమోటుతో బండరాళ్ల నెక్కించు క్రాలర్ బొమ్మబండ్ల ప్రియులకు మిక్కిలి పనికివచ్చు సంగతి యొకటి బోధపడును: ఒక్కచోట బలము పెంచినంతమాత్రమున విరుగుట మానదు, చోటు మార్చుకొనును. సామాన్యపు యాక్సిల్ షాఫ్టునకు బదులు గట్టిపరచిన ఉక్కు షాఫ్టు వేసిన వెనుక, చక్రము రాళ్లసందున చిక్కుకొని మోటారు తిరుగ యత్నించునప్పుడు, ఆ మెలిత్రిప్పు బలమంతయు క్రౌన్ పినియన్ గేర్ల పండ్లపై బడును; అవియు మార్చినచో గేరుబాక్సు వంతు వచ్చును. ఇరుసుకు తొడుగు ఇత్తడి బరువు క్రిందుగా నుండి బండిని పల్టీకొట్టకుండ కాపాడు మాట నిజమే. కాని ఆ బరువు తగులు ప్రతి దెబ్బను బేరింగులును భరింపవలయు గదా! 2017లో వెలువడిన ట్రాక్సాస్ టీఆర్ఎక్స్-4 అను క్రాలర్ బొమ్మబండిలో వలె చక్రముల చెంతనే గేర్ల నమర్చి షాఫ్టుపై పడు మెలికను తగ్గించుట నాకు వివేకవంతమైన మార్గముగా దోచును.

పెద్దబండ్ల కథయు నిట్టిదే. 2018లో కేంద్రప్రభుత్వము నాలుగు టైర్ల ఒంటి యిరుసుపై అనుమతించు భారమును 10.2 టన్నులనుండి 11.5 టన్నులకు పెంచినది. కాగితముపై అంకె మార్చుట సులభమే, ఘాట్ రోడ్డు వాలు మారదు; పెరిగిన భారమును బండిలోని యేదో యొక భాగము మోయవలసినదే.

కావున యువకులారా, తళతళలాడు లోహభాగములకై వేలు వెచ్చించుటకు ముందు గ్రీజు మార్చుడు, గేర్లపండ్ల పొత్తు సరిచూడుడు, చవుకగా దొరకి సులువుగా మార్చదగిన భాగ మొకదానిని, విరిగినచో అదియే విరిగి తక్కినవి నిలుచునట్లు, బలహీనముగానే యుండనిండు.