మా సర్టిఫికెట్లు మాకు వేళకు ఇప్పించాలని వినతిపత్రం

గౌరవనీయులైన ఉపకులపతి గారికి,

నకళ్లు: పరీక్షల నియంత్రణాధికారి గారికి, జిల్లా కలెక్టర్ గారికి, జిల్లా లీడ్ బ్యాంక్ మేనేజర్ గారికి, అనుబంధ కళాశాలల ప్రిన్సిపాళ్లకు.

విషయం: విదేశాల్లో పైచదువులకు సిద్ధమవుతున్న చివరి సంవత్సరం విద్యార్థులకు ట్రాన్‌స్క్రిప్టులు, ఒరిజినల్ సర్టిఫికెట్లు, సరైన సమాచారం సకాలంలో అందేలా చూడడం గురించి.

అయ్యా,

మేము మన విశ్వవిద్యాలయానికి అనుబంధంగా తెలంగాణ జిల్లాల్లో ఉన్న ఇంజినీరింగ్ కళాశాలల్లో నాలుగో సంవత్సరం చదువుతున్నాం. మాలో కొందరు అమెరికా అనుకుంటున్నారు, కొందరు జర్మనీ, ఇంకొందరు బ్రిటన్, ఐర్లండ్. ఇక్కడ చదువుకుంటే సరిపోదా అని అడిగే పెద్దలు చాలామంది ఉన్నారు. వారికి జవాబు ఇంకో చోట చెప్పుకుంటాం. వెళ్లాలని నిశ్చయించుకున్నవాళ్లకు యూనివర్సిటీ నుంచి రావలసిన కాగితాలు వేళకు రావడం లేదన్నదే ఈ వినతిపత్రంలోని సంగతి. మేం డబ్బు అడగడం లేదు, మార్కులు కలపమనీ అడగడం లేదు. వచ్చిన మార్కులకు రుజువు ఇమ్మంటున్నాం.

వేళకు అంటే ఎప్పటికో చెప్తాం. వచ్చే ఆగస్టులో అమెరికాలో చేరాలంటే ఈ డిసెంబరుకూ ఫిబ్రవరికీ మధ్య దరఖాస్తులు పడిపోవాలి. జర్మనీలో అక్టోబరులో మొదలయ్యే సెమిస్టర్‌కు చాలా యూనివర్సిటీల గడువు జూలై 15. అంతకన్నా ముందే ఢిల్లీలోని ఏపీఎస్ అనే పత్రాల పరిశీలన కేంద్రం నుంచి సర్టిఫికెట్ తెచ్చుకోవాలి. మన పత్రాలు అసలైనవో కాదో తేల్చే ఆ సర్టిఫికెట్‌ను 2022 నవంబరు నుంచి భారతీయ విద్యార్థులకు తప్పనిసరి చేశారు. 18,000 రూపాయలు కట్టి పత్రాలు పంపాక అది చేతికి రావడానికి వారాలు పడుతుంది. మన దగ్గర చూస్తే ఏడో సెమిస్టర్ ఫలితాలు ఎనిమిదో సెమిస్టర్ సగం గడిచాక వస్తున్నాయి. రీవాల్యుయేషన్‌కు పెట్టుకున్నవాళ్ల సంగతి ఇక చెప్పనక్కర్లేదు. చివరి ఫలితాలు జూన్ నెలాఖరులోగా, ప్రొవిజనల్ సర్టిఫికెట్ ఆ తర్వాత వారంలోగా ఇస్తామని విద్యా క్యాలెండర్‌లోనే తేదీలు వేసి ప్రకటించండి.

ట్రాన్‌స్క్రిప్ట్ విషయం కొంచెం వివరంగా చెప్పుకోవాలి, ఎందుకంటే మా కష్టంలో సగం అక్కడే ఉంది. రాత్రి బస్సెక్కి తెల్లవారేసరికి పరీక్షల విభాగం గేటు ముందు దిగుతాం. కౌంటర్ పదిన్నరకు తెరుస్తారు. దరఖాస్తు ఫారం, చలానా, అన్ని సెమిస్టర్ల మెమోల జిరాక్సులు, ప్రతి జిరాక్సు మీద ప్రిన్సిపాల్ సంతకం, అన్నీ పట్టుకుని వెళ్తాం. ఇన్ని ఉన్నా, ఒక జిరాక్సు మీద కాలేజీ స్టాంపు మసకగా పడిందంటే చాలు, మళ్లీ ఊరికి. రెండోసారి వెళ్తే ఆ సీటులో ఉండే ఉద్యోగి సెలవు. ఆ ఉద్యోగుల మీద మాకు కోపం లేదు. వేల మందికి ఒకే కౌంటర్ పెట్టి, అక్కడ ఇద్దరిని కూర్చోబెడితే వాళ్లు మాత్రం ఏం చేస్తారు?

ఇక కవరు. విదేశీ యూనివర్సిటీలైనా, డబ్ల్యూఈఎస్ లాంటి మూల్యాంకన సంస్థలైనా సీల్ చేసిన కవరు అడుగుతాయి. కవరు మూత అంటించాక, గుండ్రటి ముద్ర సగం మూత మీద, సగం కవరు మీద పడాలి. అతుకు మీదుగా అధికారి సంతకం ఉండాలి. ఆ సీలు చెదిరితే లోపలి కాగితం చెల్లదు. మా వాళ్లకు అందిన కవర్లలో కొన్నింటి మీద ముద్ర అతుకుకు అంగుళం దూరంలో పడింది. కొన్నింటికి జిగురు పట్టక పోస్టులో మూత లేచిపోయింది. ఇంకొన్నింటికి ఏకంగా స్టేపుల్ పిన్ను కొట్టి ఇచ్చారు. నాలుగేళ్ల చదువు చివరికి జిగురు దగ్గర ఆగిపోతోందంటే నవ్వొస్తుంది, కానీ ఆ కవరు తిప్పి పంపారని ఈమెయిల్ వచ్చిన రోజున మాత్రం నవ్వు రాదు. దరఖాస్తు, ఫీజు రెండూ ఆన్‌లైన్‌లో పెట్టి, ఏడు పనిదినాల్లో ట్రాన్‌స్క్రిప్ట్ ఇవ్వండి. ఎలక్ట్రానిక్ పద్ధతిలో తీసుకునే సంస్థలకు నేరుగా యూనివర్సిటీ నుంచే పంపండి. మెమోలు, డిగ్రీ పట్టాలు డిజిలాకర్‌లో పెడితే వెరిఫికేషన్ పని చాలావరకు దానంతటదే తీరిపోతుంది.

ట్రాన్‌స్క్రిప్ట్ వెనక గ్రేడ్ల పట్టిక అచ్చు వేయమని మరో మనవి. ఇది చిన్న విషయంగా కనిపించవచ్చు. జర్మనీలో మన గ్రేడును తమ స్కేలుకు మార్చుకోవడానికి మాడిఫైడ్ బవేరియన్ ఫార్ములా వాడతారు. దానికి గరిష్ఠ గ్రేడు, పాసవడానికి కనీస గ్రేడు, విద్యార్థికి వచ్చిన గ్రేడు మూడూ కావాలి. 7.4 సీజీపీఏ ఉన్న అమ్మాయినే తీసుకోండి. పదికి కనీస గ్రేడు 4 అనుకుని లెక్క కడితే ఆమెకు 2.3 వస్తుంది. 5 అనుకుంటే 2.56. అక్కడ అంకె తగ్గేకొద్దీ మంచి మార్కు కింద లెక్క, 2.5 దగ్గర గీత గీసిన కోర్సులు చాలా ఉన్నాయి. అంటే అదే అమ్మాయి, అవే మార్కులు, ఒక లెక్కలో లోపల, ఇంకో లెక్కలో బయట. కనీస గ్రేడు ఎంతో మన మెమో మీద స్పష్టంగా లేదు కాబట్టి అవతలివాళ్లు తమకు తోచింది వేసుకుంటున్నారు. శాతం లెక్కా అంతే. తెలుగు రాష్ట్రాల్లోనే ఒకచోట సీజీపీఏలోంచి 0.5 తీసేసి పదితో హెచ్చవేస్తారు, ఇంకోచోట 0.75 తీసేస్తారు. 7.4కు మొదటి పద్ధతిలో 69 శాతం, రెండో పద్ధతిలో 66.5. మనది ఏ పద్ధతో రిజిస్ట్రార్ సంతకంతో ఒక్క పేజీ వెబ్‌సైట్‌లో పెడితే చాలు.

పేర్ల గొడవ ఇంకొకటి. పదో తరగతి మెమోలో ఇంటిపేరు పూర్తిగా ముందుంటుంది. ఇంటర్ దాటి డిగ్రీ మెమోకు వచ్చేసరికి అది ఒక్క అక్షరమై పొడి ఇనీషియల్‌గా మిగులుతుంది. పాస్‌పోర్టులో కొందరం సర్‌నేమ్ గడి ఖాళీగా వదిలేసి, మొత్తం పేరు గివెన్ నేమ్ గడిలో రాసేశాం, ఎవరూ చెప్పలేదు మరి. అలాంటివాళ్ల అమెరికా వీసా మీద మొదటి పేరు ఉండాల్సిన చోట 'ఎఫ్ఎన్‌యూ' అని పడుతుంది, అంటే మొదటి పేరు తెలియదని. తాత పేరు పెట్టుకుని వెళ్లిన మా సీనియర్ ఒకాయనను అక్కడి ఆఫీసుల్లో 'ఫ్నూ' అని పిలుస్తున్నారట. జీఆర్ఈ, ఐఈఎల్‌టీఎస్ పరీక్షలకు పాస్‌పోర్టులోని పేరే ప్రమాణం. అందుకని రెండో సంవత్సరంలోనే ప్రతి కాలేజీలో ఒకరోజు పాస్‌పోర్టు అవగాహన శిబిరం పెట్టించండి. మెమోలో పేరు సవరణకు ఇప్పుడున్న మూడు టేబుళ్ల తిరుగుడు తీసేసి ఒకే కిటికీ దగ్గర తేల్చండి.

అన్నింటికన్నా బాధగా చెప్పుకోవలసింది ఒరిజినల్స్ గురించి. చేరినరోజు కాలేజీకి ఇచ్చిన పదో తరగతి, ఇంటర్ మెమోలు మాకు మళ్లీ కనిపించడం లేదు. ఫీజు రీయింబర్స్‌మెంట్ బకాయిలు రాలేదు కాబట్టి ఆ డబ్బు మీరే కట్టండి, ప్రభుత్వం విడుదల చేసినప్పుడు తిరిగి ఇస్తాం అంటున్నారు. ప్రభుత్వానికీ యాజమాన్యానికీ మధ్య ఉన్న బాకీకి మా పదో తరగతి మెమో తాకట్టు. విద్యార్థుల ఒరిజినల్ సర్టిఫికెట్లను ఏ విద్యాసంస్థా తన దగ్గర ఉంచుకోరాదని యూజీసీ 2018లోనే నోటిఫికేషన్ ఇచ్చింది. ఆ సంగతి అడిగితే "యూజీసీ దగ్గరికే వెళ్లి తెచ్చుకో" అన్న జవాబు మా మిత్రుడొకడికి వచ్చింది. లోన్ కోసం బ్యాంకు ఒరిజినల్స్ చూపించమంటుంది, వీసా ఇంటర్వ్యూకూ అవి దగ్గర ఉంచుకోవాలి. కాలేజీల బకాయిల కష్టం నిజమే, జీతాలివ్వలేని యాజమాన్యాలూ ఉన్నాయని మాకు తెలుసు. అయినా ఆ పంచాయితీలో మా కాగితాలకు పాత్ర లేదు. అడిగిన మూడు రోజుల్లో ఒరిజినల్స్ తిరిగి ఇవ్వాలని, ఇవ్వని కాలేజీ మీద అనుబంధ గుర్తింపు కమిటీ చర్య తీసుకుంటుందని మీ సంతకంతో సర్క్యులర్ ఒకటి వెళ్లాలి. ఈ ఒక్కటి చేసినా మిగతావాటికి కొన్నాళ్లు ఓపిక పడతాం.

సిఫారసు లేఖల విషయంలో మా అధ్యాపకులను తప్పుపట్టలేం, కానీ చెప్పక తప్పదు. "నువ్వే రాసుకురా బాబూ, సంతకం పెడతా" అంటారు. మేం కన్సల్టెన్సీ ఇచ్చిన నమూనా పట్టుకొస్తాం. అదే నమూనా పక్క సెక్షన్‌లో నలభై మంది దగ్గర ఉంటుంది. పైగా విదేశీ యూనివర్సిటీలు లేఖ రాసే అధ్యాపకులకు నేరుగా లింకు పంపుతాయి, దానికి కాలేజీ డొమైన్‌తో ఉన్న ఈమెయిల్ అడుగుతాయి. మా సార్లలో చాలామందికి ఉన్నది మామూలు జీమెయిలే. ప్రతి అధ్యాపకుడికీ అధికారిక ఈమెయిల్ ఇవ్వడానికి కాలేజీకి అయ్యే ఖర్చు ఒక ఫ్రెషర్స్ డే ఫ్లెక్సీ కన్నా ఎక్కువ ఉండదు. ప్రాజెక్టు చేయించిన అధ్యాపకుడు తను చూసింది తన మాటల్లో రాస్తే, రెండు పేరాలైనా చాలు.

ఎక్కడికి, ఎలా దరఖాస్తు చేయాలన్న సమాచారం కాలేజీలో దొరకనప్పుడే కన్సల్టెన్సీల మెట్లెక్కుతున్నాం. అన్నీ మోసమని మేం అనడం లేదు. కానీ "మా దగ్గర ఫీజే లేదు" అనే చోట విదేశీ యూనివర్సిటీ నుంచి కమిషన్ వస్తుందని, కమిషన్ ఇచ్చే యూనివర్సిటీ పేరే ముందు వినిపిస్తుందని విద్యార్థికి తెలియాలి కదా. అద్దె ఫండ్స్ చూపిస్తామనే వాళ్లున్నారు: బ్యాంకు ఖాతాలో కొన్ని వారాలు డబ్బు వేసి ఉంచి, వడ్డీ తీసుకుని వెనక్కి లాక్కుంటారు. దొరికితే వీసా పోయేది, పేరు పాడయ్యేది విద్యార్థిదే. 2011లో కాలిఫోర్నియాలోని ట్రై వ్యాలీ యూనివర్సిటీ మూతపడినప్పుడు కాళ్లకు రేడియో కాలర్లు కట్టించుకున్నవాళ్లు మన పిల్లలే. 2019 జనవరిలో మిషిగన్‌లోని ఫార్మింగ్టన్ యూనివర్సిటీ వ్యవహారం బయటపడింది. అది అసలు యూనివర్సిటీయే కాదు, అమెరికా హోంల్యాండ్ సెక్యూరిటీ అధికారులు పన్నిన వల. అప్పట్లో అరెస్టయిన దాదాపు 130 మందిలో చాలామంది తెలుగువాళ్లే. అక్కడ తరగతులే లేవని తెలిసి చేరినవాళ్లు ఎందరో, తెలియక చేరినవాళ్లు ఎందరో ఇప్పుడు తేల్చలేం. ఎవరో ఒకరు ముందే చెప్పి ఉండాల్సింది.

అందుకని ప్రతి కాలేజీలో విదేశీ విద్య సహాయ కేంద్రం కావాలి. గది, బోర్డు, రిబ్బన్ కటింగ్ అవసరం లేదు. ఒక అధ్యాపకుడు, ఒక కంప్యూటర్, వారానికి రెండు సాయంత్రాలు. అమెరికా యూనివర్సిటీకి విద్యార్థి వీసా పత్రం ఇచ్చే అధికారం ఉందో లేదో ఎస్ఈవీపీ జాబితాలో ఎలా చూడాలి, బ్రిటన్ స్పాన్సర్ల రిజిస్టర్ ఎక్కడుంటుంది, కెనడా డీఎల్ఐ జాబితా ఏమిటి, జర్మనీ కోర్సులకు డాడ్ (జర్మన్ అకడమిక్ ఎక్స్ఛేంజ్ సర్వీస్) వెబ్‌సైట్‌లో ఎలా వెతకాలి, ఇంత చెప్తే చాలు. ఇవన్నీ ఉచితంగా దొరికే ప్రభుత్వ, అధికారిక జాబితాలే. ఇక ఇంగ్లిష్ ల్యాబ్. హెడ్‌ఫోన్లతో సహా ఉంది, తనిఖీ కమిటీ వచ్చిన రోజు తాళం కూడా తీస్తారు. మిగతా రోజుల్లోనూ నాలుగింటి నుంచి ఆరింటి దాకా తెరిచి ఉంచితే ఐఈఎల్‌టీఎస్ కోచింగ్ ఫీజు చాలామందికి మిగులుతుంది.

డబ్బు సంగతి కలెక్టర్ గారికి, లీడ్ బ్యాంక్ మేనేజర్ గారికి విన్నవించుకుంటున్నాం. జర్మనీ వీసాకు బ్లాక్డ్ అకౌంట్‌లో 11,904 యూరోలు చూపించాలి, అంటే పది లక్షలకు పైమాటే. తాకట్టు లేని విద్యారుణం మామూలుగా 7.5 లక్షల దగ్గర ఆగిపోతుంది. పైన కావాలంటే ఆస్తి చూపించాలి. మా నాన్నలకు ఉన్నది సాగుభూమి, దాన్ని ఈ రుణానికి తీసుకోరు. ఇల్లు ఉందంటే అది గ్రామకంఠంలో ఉంది, దానికి రిజిస్టర్డ్ దస్తావేజు లేదు. చివరికి ఎక్కువ వడ్డీకి ప్రైవేటు ఫైనాన్స్ సంస్థ దగ్గరికి వెళ్తున్నాం. గ్రామకంఠం ఇళ్ల విషయంలో ఏ పత్రం ఉంటే బ్యాంకు అంగీకరిస్తుందో జిల్లా స్థాయి బ్యాంకర్ల సమావేశంలో తేల్చి, లిఖితపూర్వకంగా చెప్పండి. అంబేడ్కర్, జ్యోతిబా ఫూలే విదేశీ విద్యానిధులు, మైనారిటీ విద్యార్థుల ఓవర్సీస్ స్కాలర్‌షిప్ కింద 20 లక్షల దాకా సాయం ఉంది. ఏడాదికి 5 లక్షల లోపు ఆదాయం ఉన్న కుటుంబాలవాళ్లే అర్హులు. కానీ ఆ సొమ్ము వెళ్లి చేరాక విడతలుగా వస్తుందని, టికెట్‌కూ మొదటి ఫీజుకూ అక్కరకు రాదని చాలామంది తల్లిదండ్రులకు తెలియదు. నోటిఫికేషన్ వచ్చిన రోజే కాలేజీ నోటీసు బోర్డుకు చేరేలా సంక్షేమ శాఖలకు చెప్పండి.

2025 మే 27 నుంచి దాదాపు మూడు వారాలు అమెరికా కాన్సులేట్లు కొత్త విద్యార్థి వీసా స్లాట్లు నిలిపేశాయి. మా సీనియర్లు రాత్రంతా కంప్యూటర్ ముందు కూర్చున్నారు. కొందరు సీటు ఉండి కూడా వెళ్లలేకపోయారు. దాని మీద ఇక్కడ ఎవరికీ మొర పెట్టుకోలేం. ట్రాన్‌స్క్రిప్ట్, ఒరిజినల్స్, గ్రేడ్ల పట్టిక మాత్రం మీ కార్యాలయం నుంచి వెళ్లే ఉత్తర్వుతో తీరేవి. ఏడో సెమిస్టర్ పరీక్షలు మొదలయ్యేలోగా పరీక్షల నియంత్రణాధికారి గారి సమక్షంలో మా ప్రతినిధులతో ఒకసారి సమావేశం ఏర్పాటు చేసి, వీటిలో ఏవి ఎప్పటికి చేస్తారో తేదీలతో చెప్పవలసిందిగా కోరుతున్నాం. మీరు చెప్పిన రోజున, చెప్పిన గంటకు, అందరి జిరాక్సులతో సహా హాజరవుతాం.

ఇట్లు,
తమ విధేయులు,
అనుబంధ ఇంజినీరింగ్ కళాశాలల చివరి సంవత్సరం విద్యార్థులు, వారి తల్లిదండ్రులు

జతపరచినవి: తిరిగి వచ్చిన కవర్ల ఫొటోలు, చలానా రసీదుల నకళ్లు, ఒరిజినల్స్ ఇంకా అందని విద్యార్థుల జాబితా, సంతకాల పత్రాలు.