జనవరి 24లో బొబ్బిలికి చోటేదీ?

రథసప్తమి నాడు తెల్లవారకముందే అరసవల్లి ఇంద్ర పుష్కరిణి గట్టు మీద పిడకల పొగ కమ్ముకుంటుంది. పాలు పొంగి గిన్నె అంచు మీదుగా ఒలికాకే ఆడవాళ్లు గుప్పెటతో బియ్యం పోస్తారు. కాస్త అవతల జిల్లేడాకులు, రేగుపళ్లు నెత్తిన పెట్టుకుని జనం తలస్నానాలు చేస్తుంటారు. సూర్యనారాయణ స్వామి క్షీరాభిషేకం, నిజరూప దర్శనం కోసం అర్ధరాత్రి నుంచే క్యూలు. ప్రభుత్వం 2025లో దీన్ని రాష్ట్ర పండుగగా ప్రకటించింది. తిథిని బట్టి వచ్చే పండుగ కాబట్టి ఏటా తేదీ మారుతుంది. 2018లో జనవరి 24న వచ్చింది.

ఆ తేదీకి ఈ నేల మీద ఇంకో ప్రాముఖ్యం కూడా ఉంది. 1757 జనవరి 24న బొబ్బిలి కోట కూలిపోయింది.

పత్రికల్లో ‘చరిత్రలో ఈ రోజు’ శీర్షిక కింద జనవరి 24కు ఏమేం వస్తాయో పాఠకులకు తెలిసిందే. 1965లో విన్‌స్టన్ చర్చిల్ మరణం. ఆయన తండ్రి రాండాల్ఫ్ చర్చిల్ కూడా 1895లో సరిగ్గా ఇదే తేదీన పోయారు. 1848లో కాలిఫోర్నియాలో బంగారం బయటపడింది. 1857లో కలకత్తా విశ్వవిద్యాలయం ఏర్పడింది. అప్పటికి బొబ్బిలి కూలి నూరేళ్లు నిండాయి. 1966లో హోమీ భాభా ప్రయాణిస్తున్న విమానం ఆల్ప్స్ పర్వతాల్లో కూలింది. ఇన్నింటి మధ్య బొబ్బిలికి చోటు దొరకడం అరుదు. అది జంగం కథలకూ సినిమాలకూ సంబంధించిన సంగతనీ, లోకచరిత్రతో దానికి పనిలేదనీ అనుకోవడమే ఇందుకు కారణం. ఈ అభిప్రాయం పూర్తిగా తప్పు. బ్రిటిష్ సామ్రాజ్య చరిత్రలో జనవరి 24 గురించి రాసేవారెవరైనా బొబ్బిలిని వదిలేయడానికి వీల్లేదు.

ఆ రోజు కోట ముందు ఇంగ్లీషు సేన లేదు. ఉన్నవి ఫ్రెంచి ఫిరంగులు. నిజాం సలాబత్ జంగ్ 1753లో ఉత్తర సర్కారులను ఫ్రెంచి వారికి ఇచ్చాడు. వాటిలో ఒకదానికి కేంద్రం చికాకోల్, అంటే అరసవల్లిని ఆనుకుని ఉన్న నేటి శ్రీకాకుళమే. చికాకోల్, రాజమహేంద్రవరం సర్కారుల శిస్తు వసూలును ఫ్రెంచి సేనాని బుస్సీ విజయనగరం రాజు పూసపాటి విజయరామరాజుకు ఇజారాకిచ్చాడు. ఆయనకు పొరుగునున్న బొబ్బిలి రంగారావుతో కాలువ నీళ్ల దగ్గర మొదలైన పాత పగ ఉంది. బుస్సీ ఆ పగలో తలదూర్చి ఫిరంగులతో వచ్చాడు. రంగారావు కోట విడిచి వెళ్లనన్నాడు. మట్టిగోడలు బద్దలయ్యాయి. ఇక గెలవలేమని తేలాక లోపలివాళ్లు ఆడవాళ్లనూ పిల్లలనూ తమ చేతులతోనే చంపుకున్నారు. రంగారావు చిన్న కొడుకు మాత్రం బతికి బయటపడ్డాడు. మూడో రాత్రి బొబ్బిలి వీరుడు తాండ్ర పాపారాయుడు డేరాలో చొరబడి విజయరామరాజును పొడిచి చంపాడు.

1964లో వచ్చిన ‘బొబ్బిలి యుద్ధం’, 1986లో వచ్చిన ‘తాండ్ర పాపారాయుడు’ చూసినవాళ్లకు ఇంతవరకు తెలుసు. రెండు సంస్థానాల పౌరుషం దగ్గర కథ ఆగిపోతుంది. అసలు లాభం ఎవరికి ముట్టిందో తెలిసేది ఆ తర్వాతే.

అదే జనవరి 2న ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ సేనాని క్లైవు కలకత్తాను తిరిగి పట్టుకున్నాడు. బుస్సీ వచ్చి ఆదుకుంటాడని బెంగాల్ నవాబు సిరాజ్ ఉద్దౌలా ఉత్తరాలు రాశాడు. బుస్సీ మాత్రం సర్కారుల జమీందార్ల దగ్గర పేష్కష్ వసూళ్లలో మునిగి ఉన్నాడు. జూన్ 23న ప్లాసీలో సిరాజ్ ఓడిపోయాడు. ఆ నెలలోనే బుస్సీ విశాఖపట్నంలోని ఇంగ్లీషు వర్తక స్థావరాన్ని పట్టుకున్నా, అప్పటికే బెంగాల్ చేజారిపోయింది.

ఇక్కడ విజయనగరం గద్దె మీదికి ఆనందగజపతి రాజు వచ్చాడు. ఫ్రెంచి వాళ్ల మీద కోపంతో ఆయన ఇంగ్లీషు వాళ్లకు కబురు పెట్టాడు. క్లైవు బెంగాల్ నుంచి కల్నల్ ఫోర్డును ఓడల మీద పంపాడు. 1758 డిసెంబరులో చందుర్తి దగ్గర ఫ్రెంచి సేన ఓడింది. 1759 ఏప్రిల్‌లో మచిలీపట్నం కోట పోయింది. 1765లో మొగలు పాదుషా ఫర్మానాతో సర్కారులు కంపెనీకి దఖలు పడ్డాయి. విజయరామరాజు బతికుంటే విజయనగరం కంపెనీని పిలిచేదా అన్నది చరిత్రకారులు తేల్చాల్సిన ప్రశ్న. పిల్లలు తరగతిలో వాదించుకోవడానికి ఇంతకన్నా మంచి ప్రశ్న దొరకదు.

కంపెనీని రప్పించిన విజయనగరాన్ని ఆ కంపెనీయే బాకీల పేరుతో పీడించింది. అదే వంశంలోని చిన విజయరామరాజు 1794 జూలై 10న పద్మనాభం దగ్గర కంపెనీ తుపాకులకు బలయ్యాడు. బొబ్బిలికీ పద్మనాభానికీ మధ్య గడిచింది 37 ఏళ్లే. ఈ రెంటినీ కలిపి చదివితేనే ఉత్తరాంధ్ర పరాయి పాలన కిందికి ఎలా వెళ్లిందో బోధపడుతుంది.

జనవరి 24న గర్వించదగ్గ ఘట్టమూ ఉంది. 1950లో ఆ రోజే రాజ్యాంగ సభ ‘జనగణమన’ను జాతీయ గీతంగా స్వీకరించింది. సభ్యులు రాజ్యాంగ ప్రతి మీద సంతకాలు చేసిందీ, రాజేంద్రప్రసాద్ రాష్ట్రపతిగా ఎన్నికైందీ ఆనాడే. మద్రాసు రాష్ట్రం తరఫున ఆ సభకు వెళ్లిన వారిలో బొబ్బిలి రాజా రామకృష్ణ రంగారావు ఒకరు. బొబ్బిలి బడిలో పిల్లలకు జాతీయ గీతం గురించి చెప్పడానికి ఇంతకంటే దగ్గరి దారి ఏముంటుంది?

అందుకే చేయాల్సిన పని ఒకటుంది. శ్రీకాకుళం, విజయనగరం, పార్వతీపురం మన్యం జిల్లాల విద్యాశాఖలు కలిసి స్థానిక తేదీలతో ఒక పట్టిక తయారుచేసి ప్రతి బడికీ పంపాలి. జనవరి 24, జూలై 10 తప్పకుండా అందులో ఉండాలి. గిడుగు రామమూర్తి పుట్టిన ఆగస్టు 29ని తెలుగు భాషా దినోత్సవంగా ఎలాగూ జరుపుతున్నారు. 1950 ఆగస్టు 15న శ్రీకాకుళం జిల్లా పుట్టిందన్న మాట మాత్రం జెండా వందనం హడావుడిలో వినపడదు. నేడు విజయనగరం జిల్లాలో ఉన్న బొబ్బిలి 1979 దాకా శ్రీకాకుళం జిల్లాలో ఉండేదని తెలిసిన పిల్లలు ఎందరు?

తేదీలు ఎవరికి గుర్తుంటాయని కొందరు అడుగుతారు. మార్చిలో, అక్టోబరులో ఏ రోజుల్లో ఉదయపు కిరణాలు స్వామి పాదాలను తాకుతాయో అరసవల్లిలో చిన్న పిల్లలు సైతం చెబుతారు. పెద్దవాళ్లు ఏటా చూపించి చెబుతారు కాబట్టి గుర్తుంటుంది. బొబ్బిలిలో 1891లో రాజా వెంకట శ్వేతాచలపతి రంగారావు నిలబెట్టిన యుద్ధ స్తంభం ఉంది. జనవరి 24న ఉపాధ్యాయులు పిల్లలను అక్కడికి తీసుకెళ్లి, పాపారాయుడి కత్తితో ఆపకుండా చందుర్తి, మచిలీపట్నం, పద్మనాభం దాకా కథ చెప్పాలి. పత్రికలు కూడా ఆ రోజు చర్చిల్ పక్కన బొబ్బిలికి రెండు వాక్యాల చోటు ఇవ్వాలి.