తోడు వచ్చిన జీవి

సంగారెడ్డి జిల్లా నారాయణఖేడ్ ప్రాంతంలోని బోరంచ నల్లపోచమ్మ ఆలయం వలన పేరుపొందిన గ్రామం. కర్ణాటక, మహారాష్ట్రల సరిహద్దులు ఇక్కడికి ఎంతో దూరంలో లేవు. సంగారెడ్డి నుండి నాందేడ్ మీదుగా అకోలా వరకు సాగే 161వ నంబరు జాతీయ రహదారి ఈ ప్రాంతాన్ని ఉత్తరాదికి చేరువ చేసింది. పూర్వం ఇటువంటి పల్లెలవారికి దూరప్రయాణమంటే తీర్థయాత్రే. నేడు కుటుంబమంతా ఒక వ్యానులో బయలుదేరి దేశాన్ని చూచి రావాలనే కోరిక పెరిగింది. ఇంట్లో పెంచుకొన్న కుక్కలను కూడ వెంట తీసుకొనిపోయేవారు కానవస్తున్నారు. ఈ ఉత్సాహం మెచ్చదగినదే. అయితే వెంట వచ్చే ఆ మూగజీవి ప్రయాణంలో తోడా, సామానా అన్న ప్రశ్నకు ముందుగా సమాధానం చెప్పుకోవలసి ఉన్నది.

మనిషి, కుక్క కలిసి దూరాలు నడవడం ఈ నేలకు కొత్త కాదు. దక్కను పీఠభూమిలో గొల్లలు, కురుమలు మేతను, నీటిని వెదకుకొంటూ గొర్రెల మందలతో నెలల తరబడి ఊళ్ళు దాటి పోతారు. రాత్రివేళ రైతుల చేలలో మంద పెడతారు. ఆ మందకు కాపలా కుక్కే. తోడేలు అలికిడికి ముందుగా మేలుకొనేది అదే. ఎండ ముదిరితే కాపరి చెట్టునీడన ఆగుతాడు, కుక్కా ఆగుతుంది. వాగు కనబడితే ఇద్దరూ దాహం తీర్చుకొంటారు. అతని జొన్నరొట్టెలో దానికీ వాటా ఉంటుంది. వ్యాను ఎక్కిన కుక్కకు ఆ స్వేచ్ఛ లేదు. ఎక్కడ ఆగాలో, ఎప్పుడు నీరు తాగాలో నిర్ణయించేది యజమానియే. అధికారం అంతా ఒకరి చేతిలో ఉన్నప్పుడు బాధ్యత కూడ వారిదే అవుతుంది.

అమెరికా రచయిత జాన్ స్టైన్‌బెక్ 1960లో తన దేశాన్ని చూడబోయి, నివాసయోగ్యంగా అమర్చిన వాహనంలో చార్లీ అనే ముసలి కుక్కను వెంటబెట్టుకొని సుమారు 16,000 కిలోమీటర్లు తిరిగాడు. ఆ అనుభవాలను 1962లో గ్రంథంగా ప్రకటించాడు. దారిలో చార్లీ జబ్బుపడినప్పుడు అతడు పశువైద్యుని వెదకి చికిత్స చేయించాడు. అది కోలుకొనే వరకు ముందుకు సాగలేదు. గమ్యం కంటె తోడు ముఖ్యమని భావించినవాడే అలా ఆగగలడు.

కుక్కకు మనిషివలె ఒంటినిండా చెమట పట్టదు. నాలుక చాచి వగర్చడం ద్వారానే అది ప్రధానంగా శరీరాన్ని చల్లబరచుకొంటుంది. ఎండలో నిలిపిన వాహనం తలుపులు మూస్తే లోపలి ఉష్ణోగ్రత పది నిమిషాల్లోనే సుమారు 10 డిగ్రీల సెల్సియస్ పెరుగుతుంది. అద్దం కొద్దిగా దించి ఉంచినంత మాత్రాన ఈ ప్రమాదం తప్పదు. దర్శనం చేసుకొని వచ్చేవరకు, భోజనం ముగిసేవరకు అంటూ కుక్కను వ్యానులో బంధించి పోవడం ప్రాణాంతకం కావచ్చు.

జంతువులను బాధ కలిగేటట్లు తరలించడం 1960 నాటి జంతుహింస నివారణ చట్టం ప్రకారం నేరం. జీవకారుణ్యం పౌరుల ప్రాథమిక విధులలో ఒకటని 1976లో జరిగిన 42వ రాజ్యాంగ సవరణ చాటింది. ప్రయాణానికి ముందు కుక్కకు రేబిస్ టీకా వేయించడం, పశువైద్యునిచే పరీక్ష చేయించడం దాని క్షేమానికే గాక, దారిలో ఎదురయ్యే ప్రజల క్షేమానికీ అవసరం.

మనుషులకే సరియైన ప్రయాణసౌకర్యాలు లేనిచోట కుక్క గురించి ఇంత విచారమెందుకని కొందరు అడగవచ్చు. కాని రెండు గంటలకొకసారి నీడన ఆగి గిన్నెడు నీళ్ళు పోయడానికి సంపద అక్కరలేదు. ఓపిక చాలు. ఆ ఓపిక లేనివారు కుక్కను నమ్మకమైన బంధువుల ఇంట ఉంచి పోవడమే ఉత్తమం. వృద్ధాప్యంలోనో, వ్యాధితోనో ఉన్న కుక్కకు పలుమార్లు పరిచయమైన ఇల్లే సుఖం. అన్నిటికంటె ఘోరమైనది, విసుగు పుట్టి తెలియని ఊరి పొలిమేరలో దానిని దించివేయడం. ఆ ఊరి కుక్కలు దానిని రానీయవు. ఆహారం ఎక్కడ దొరుకునో దానికి తెలియదు. వెళ్ళిపోయిన వాహనం తిరిగి వస్తుందని అది అక్కడనే ఎదురుచూస్తుంది.

మహాప్రస్థానంలో తమ్ములు, ద్రౌపది ఒక్కొక్కరుగా నేలకొరిగిన తరువాత ధర్మరాజు వెంట మిగిలినది ఒక కుక్క మాత్రమే. దానిని విడిచి రథమెక్కుమని ఇంద్రుడు కోరినప్పుడు, నమ్మి వచ్చిన ప్రాణిని విడిచి స్వర్గానికైనా రానని ఆయన నిరాకరించాడు. ఆనాడు ఇంద్రుని రథం చెంత ధర్మరాజుకు ఎదురైన పరీక్షయే నేడు వ్యాను తలుపు దగ్గర సామాన్య ప్రయాణికునికి ఎదురవుతున్నది. కుక్కను ఎక్కించుకొన్నవాడు దానిని క్షేమంగా తిరిగి తన వాకిట దించిననాడే ఆ యాత్ర పూర్తి అయినట్లు.