సారం మనమే రాయాలె

దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్ హాస్టళ్లలో ఉండి చదువుకునే మన వాడల పిల్లలు కొందరు ఇప్పుడు పీహెచ్‌డీ దాకా వస్తున్నారు. నల్గొండ, దేవరకొండ దిక్కు నుంచి బస్సెక్కి వచ్చినోళ్లు. ఏండ్ల తరబడి ఊళ్లు తిరిగి సమాచారం పోగుచేస్తున్నారు. తీరా సెమినారుకు పంపే ఒక్క పేజీ దగ్గర దెబ్బతింటున్నారు. ఆ పేజీనే అబ్‌స్ట్రాక్ట్ అంటారు. పత్రం సారం అన్నమాట. పత్రాన్ని తీసుకోవాలా వద్దా అని పెద్దలు తేల్చేది చాలాసార్లు ఆ పేజీ చూసే.

ఇది మనకు తెలియని విద్యేం కాదు. సోమవారం ప్రజావాణిలో కలెక్టరుకిచ్చే అర్జీ ఎట్ల రాస్తాం? భూమి ఎక్కడుంది, ఎవరు ఆక్రమించిన్రు, మన దగ్గర ఏం కాగితముంది, మనకేం కావాలె. తాతల నాటి కథతో మొదలుపెడితే అర్జీ పక్కకు పోతది. అబ్‌స్ట్రాక్టూ అంతే. ఏ ప్రశ్న పట్టుకున్నం, ఎక్కడ ఎవర్ని ఎట్ల అడిగినం, ఏం తేలింది, దానివల్ల ఏం మారాలె. 150 నుంచి 250 మాటలు చాలు.

మనోళ్లు చేస్తున్నదేంటి? సగం పేజీ విదేశీ పండితుల పేర్లు. మిగతా సగం ‘ఈ పత్రం పరిశీలిస్తుంది, చర్చిస్తుంది’. పరిశీలిస్తే ఏం తేలిందో చెప్పరు. హోటల్లో మనకు వేరే గ్లాసు పెడుతున్నారని కండ్లారా చూసొచ్చి, ‘గ్రామీణ అసమానతలు’ అని రాస్తే ఎవరికి తగుల్తది? ఎన్ని ఊళ్లు తిరిగారో, ఎన్ని హోటళ్లలో చూశారో అంకె వేసి రాయండి. పత్రంలో లేనిది మాత్రం సారంలో రాయొద్దు. ఒక్క అబద్ధం దొరికితే నిజాలన్నీ కొట్టేస్తరు.

పెద్ద పేర్లు చెప్పకపోతే చదువురానోళ్లనుకుంటారని మన పిల్లల భయం. ఆ భయం ఊరికే రాలేదు, కులం పుట్టించిందే. కానీ బాబాసాహెబ్‌ను చూడండి. 1916 మే 9న న్యూయార్క్‌లోని కొలంబియా విశ్వవిద్యాలయంలో కులాల పుట్టుక మీద పత్రం చదివారు. అప్పటికాయనకు పాతికేళ్లు. పండితుల నిర్వచనాలను ఒక్కొక్కటీ విప్పి, లోపమెక్కడో చూపించారు. చివర తన వాదమంతా నాలుగే అంశాల్లో పెట్టారు. జనం కలగలిసినోళ్లైనా సంస్కృతి ఒక్కటే. దాన్ని ముక్కలు చేసిందే కులం. మొదట ఉన్నది ఒక్క కులమే. అనుకరణ వల్ల, వెలివేత వల్ల మిగతా వర్గాలు కులాలైనయ్. ఆయన చివర పెట్టినదాన్ని ఇప్పుడు మొదట అడుగుతున్నారు, అంతే తేడా.

కార్యకర్తలకు మా మాట ఇది. ఆదివారం పూట దిల్‌సుఖ్‌నగర్‌లోనో ఎల్బీనగర్‌లోనో ఒక గది చూడండి. సీనియర్లు జూనియర్ల పేజీ చదివి దిద్దాలె. ఎవరికో డబ్బులిచ్చి రాయించుకునే పని ఉండొద్దు. ఇంగ్లీషులో రాసిన సారాన్ని తెలుగులో కూడా రాసి, సమాచారమిచ్చిన వాడకు పోయి చదివి వినిపించాలె. తమ మాట అందులో ఉన్నదో లేదో వాళ్లే చెప్తరు.

ఇన్నేండ్లు మన బతుకుల సారం వేరేవాళ్లు రాసిన్రు. ఇగ మనమే రాద్దాం.

జై భీమ్!