జీడిమెట్ల షిఫ్టు కార్మికుల ఏకాంత ప్రార్థన ప్రణాళిక

జీడిమెట్ల పారిశ్రామికవాడలో మందుల కంపెనీల్లో, ప్యాకింగ్ సెక్షన్లలో, లేత్ షెడ్లలో పనిచేస్తూ షాపూర్‌నగర్, చింతల్, సూరారం వైపు అద్దె ఇళ్ళలో ఉంటున్న క్రైస్తవులం మేం. ఆదివారం ఎవరి సంఘానికి వాళ్ళం వెళ్తాం. సంఘం మారమని ఎవరినీ అడగం. మాలో ప్రతి ఒక్కరికీ దేవునితో ఒంటరిగా మాట్లాడుకునే అలవాటు బలపడాలన్నదే మా పట్టుదల.

మాకు కూడికలకు కొదవ లేదు. ఉపవాస ప్రార్థనలు, ఆల్‌నైట్ ప్రేయర్లు, గృహకూటాలు అన్నీ ఉన్నాయి, వాటిని ప్రేమిస్తాం. అయితే మైకు ముందు అరగంట ప్రార్థించగలిగి, ఒక్కరమే ఉన్నప్పుడు ఐదు నిమిషాలు నిలవలేకపోతే, ఆ అరగంట ఎవరి కోసం చేశామో ఎవరికి వారు తేల్చుకోవాలి.

గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుని ప్రార్థించమని ప్రభువు చెప్పారు. మాలో చాలామందికి ఉన్నదే ఒక్క గది. పొయ్యి అందులోనే, మంచం అందులోనే. బీరువా పక్కన పిల్లల పుస్తకాలు, గోడ అవతల పక్కింటి టీవీ. అంతమాత్రాన మాకు ఏకాంతం రాసిపెట్టి లేదని ఒప్పుకోం. కపెర్నహూములో పేతురు ఇంటి వాకిలి నిండా జనం ఉన్న రాత్రి గడిచాక, ప్రభువు ఇంకా చీకటి ఉండగానే లేచి ఊరి బయటికి వెళ్ళారు. డాబా మీద వాటర్ ట్యాంకు పక్కన చోటు, కంపెనీ బస్సులో కిటికీ సీటు, ఇవి మాకు గదులే. ఇంకో మాట కచ్చితంగా చెబుతున్నాం: భర్త ప్రార్థించుకుంటుంటే భార్య పిల్లల్ని సముదాయిస్తున్న ఇళ్ళు మాలో ఎన్నో. రోజూ కాసేపు భర్త పిల్లల్ని బయటికి తీసుకెళ్ళి, ఆ ఒక్క గదినీ ఆమెకు వదిలిపెట్టాలి.

తెల్లవారుజామునే ప్రార్థించాలన్న పట్టింపు మాకు లేదు. రాత్రి సి షిఫ్టు దిగి వచ్చినవాళ్ళకు మధ్యాహ్నం నిద్ర లేచిన వేళే వేకువ. షిఫ్టుతో పాటు వేళ మారవచ్చు, మానడం మాత్రం కూడదు. రియాక్టర్ దగ్గర డ్యూటీలో ఉండగా ఎవరూ కళ్ళు మూసుకోవద్దు. నెహెమ్యా రాజు ఎదుట నిలబడే, జవాబు చెప్పేలోగా మనసులో ప్రార్థించుకున్నాడు. అక్కడికి అది చాలు.

అడగడంతోనే ప్రార్థన ముగించం. 1938లో బైబిలు మిషను స్థాపించిన ముంగమూరి దేవదాసు అయ్యగారు, సన్నిధిలో మౌనంగా కనిపెట్టడం తెలుగు విశ్వాసులకు నేర్పారు. ఏ మిషనువాళ్ళమైనా ఆ పాఠం మాకు కావాలి. ఎనిమిది గంటలు మెషీన్ల మోతలో గడిపినవాళ్ళకు మొదట్లో నిశ్శబ్దం కష్టంగానే ఉంటుంది. ఫోను దూరంగా పెట్టి, అచ్చు బైబిలు తెరిచి కూర్చుందాం.

కాంట్రాక్టు రెన్యువల్ కాలేదన్న కోపాన్ని, పిల్లల ఫీజు కట్టలేకపోయిన అవమానాన్ని స్తోత్రాల కింద దాచిపెట్టం. 88వ కీర్తన చీకటిలోనే ముగుస్తుంది. దాన్ని తన గ్రంథంలో ఉండనిచ్చిన దేవునికి మా చీకటి చెప్పుకోవడానికి జంకం.

1854 జనవరి 1న ఒంగోలు కొండ మీద మిషనరీలైన జ్యూయెట్ దంపతులు, గుప్పెడుమంది విశ్వాసులు మోకరించి ప్రార్థించారు. 1878 జూలై 3న గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఆ సంఖ్య మేం ఎన్నో ప్రసంగాల్లో విన్నాం. మధ్యలో గడిచిన 24 ఏళ్ళ గురించి విన్నది తక్కువ. ఆ ఏళ్ళలో ఎదురుచూసినవాళ్ళే మాకు ఆదర్శం. జవాబు ఆలస్యమైనవాళ్ళను విశ్వాసం చాలలేదని నిందించడం మా మధ్య నిషిద్ధం.

ఆడవాళ్ళకు ఆడవాళ్ళు, మగవాళ్ళకు మగవాళ్ళు ఇద్దరిద్దరుగా జతకూడుతాం. ఎంతసేపు ప్రార్థించావని అడగం, హాజరు రాయం, కానుకలు పట్టం. ప్రార్థన మానేశానని ఒకరు చెబితే, రెండోవాళ్ళు నీతిబోధ చేయకుండా ఆ వారమంతా వాళ్ళ తరఫున ప్రార్థించాలి. జతలో చెప్పుకున్న సంగతి అనుమతి లేకుండా సంఘంలో సాక్ష్యంగా చెప్పకూడదు. చేరదలచినవాళ్ళు ముందుగా తమ షిఫ్టు ఏదో చెప్పాలి. అదే షిఫ్టువాళ్ళతోనే జత కలుపుతాం.